క్రెడిట్ కార్డ్ పాయింట్లతో ఇండియా టికెట్: సీటు చూశాకే పాయింట్లు పంపండి

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో చాలామంది దగ్గర ఛేజ్‌దో ఆమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్)దో ఒక కార్డు ఉంటుంది, అందులో డెబ్బై వేలో లక్షో పాయింట్లు ఊరికే మూలుగుతుంటాయి. డిసెంబర్‌లో ఇండియా వెళ్దామని టికెట్ రేట్లు చూసి గుండె గుభేల్‌మన్నాక గానీ అవి గుర్తురావు. అప్పుడు రాత్రి పదకొండింటికి కూర్చుని, ఎవరో చెప్పింది సగం గుర్తుపెట్టుకుని, పాయింట్లన్నీ ఏదో ఒక ఎయిర్‌లైన్‌కి పంపేస్తారు. నేనూ అదే చేశాను. నాలుగేళ్ళ కిందట రెండు సీట్లు కనిపించాయని 1,40,000 పాయింట్లు ఒక్క దెబ్బలో పంపాను. అవి చేరడానికి రెండు రోజులు పట్టింది, ఈలోపు ఆ రెండు సీట్లూ పోయాయి, ఆ మైల్స్ (ఎయిర్‌లైన్‌లో పడ్డ పాయింట్లని అలా అంటారు) ఏడాదిన్నర పాటు ఆ అకౌంట్లోనే పడి ఉన్నాయి.

ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకోండి. బ్యాంకు నుంచి ఎయిర్‌లైన్‌కి పంపిన పాయింట్లు వెనక్కి రావు. ఫోన్ చేసి బతిమాలినా రావు. బ్యాంకులో ఉన్నంతసేపే వాటిని ఎటైనా తిప్పుకోవచ్చు, ఎయిర్‌లైన్‌లో పడ్డాక అవి ఆ ఒక్క దుకాణంలోనే చెల్లే కూపన్లు. అందుకే ట్రాన్స్‌ఫర్ అనేది చివర్లో చేసే పని, మొదట చేసే పని కాదు.

ముందు: మీ పాయింట్లు కదిలే రకమేనా?

అన్ని కార్డుల పాయింట్లూ ఎయిర్‌లైన్‌కి వెళ్ళవు. ఛేజ్‌లో ఫ్రీడమ్ కార్డు ఒక్కటే ఉంటే ఎన్ని పాయింట్లున్నా ఎయిర్‌లైన్‌కి పంపలేరు. సఫైర్ ప్రిఫర్డ్ (ఏడాదికి 95 డాలర్లు), సఫైర్ రిజర్వ్, ఇంక్ బిజినెస్ ప్రిఫర్డ్ లాంటిది ఒకటి మీ పేరు మీద ఉంటే ఫ్రీడమ్ పాయింట్లను అందులోకి కలుపుకుని అక్కణ్ణుంచి పంపాలి. కాబట్టి ఏడాది రుసుము దండగని సఫైర్ మూసేద్దామనుకునేవాళ్ళు కాస్త ఆగి, ముందు పాయింట్ల సంగతి తేల్చుకోండి. ఆమెక్స్‌లో మెంబర్‌షిప్ రివార్డ్స్ ఇచ్చే గోల్డ్, ప్లాటినమ్, గ్రీన్ లాంటివి పనికొస్తాయి, బ్లూ క్యాష్ మాత్రం డబ్బు వెనక్కిచ్చే కార్డు, దాన్ని ఈ లెక్కలోకి తీసుకోకండి. క్యాపిటల్ వన్‌లో వెంచర్ రకాలు, సిటీలో స్ట్రాటా ప్రీమియర్ ఉంటే సరిపోతుంది. ఇక డెల్టా, యునైటెడ్ పేరున్న కార్డులైతే వాటిలో వచ్చేవి ముందునుంచీ మైల్సే, పంపడానికి ఏమీ లేదు.

భార్యాభర్తలిద్దరికీ చెరో కార్డు ఉంటే కలపొచ్చా? ఛేజ్ ఒకే ఇంట్లో ఉండే ఒక మనిషితో కలపనిస్తుంది. క్యాపిటల్ వన్ ఈ విషయంలో చాలా ధారాళం, వాళ్ళ కార్డున్న ఎవరికైనా పంపనిస్తుంది. ఆమెక్స్ ఇద్దరి పాయింట్లు అసలు కలపనివ్వదు, కానీ మీ కార్డు మీద అదనపు సభ్యురాలిగా ఉన్న భార్య ఎయిర్‌లైన్ అకౌంట్‌కి నేరుగా పంపనిస్తుంది, ఆవిడ పేరు చేర్చి 90 రోజులు దాటి ఉండాలి.

రెండోది: ఎవరి విమానం, ఎవరి మైల్స్

అందరూ తికమకపడేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చదవండి.

లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వెళ్ళాలనుకుంటే లుఫ్తాన్సా మైల్సే కావాలనుకుంటాం. ఛేజ్ నుంచి లుఫ్తాన్సాకి పాయింట్లు పోవు, ఎయిర్ ఇండియాకీ పోవు. కానీ లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా, యునైటెడ్, టర్కిష్, సింగపూర్, ఎయిర్ కెనడా ఇవన్నీ స్టార్ అలయన్స్ అనే ఒకే కూటమి (ఎయిర్ ఇండియా 2014లో చేరింది). ఛేజ్ పాయింట్లు ఎయిర్ కెనడా వాళ్ళ మైల్స్ ప్రోగ్రాం అయిన ఏరోప్లాన్‌కి పోతాయి, ఆ ఏరోప్లాన్ పాయింట్లతో లుఫ్తాన్సా సీటు కొనొచ్చు, ఎయిర్ ఇండియా సీటూ కొనొచ్చు. కెనడా మొహం కూడా చూడక్కర్లేదు. మన ఊళ్ళో తెలిసిన కొట్లో ఖాతా పెట్టుకుని, వాళ్ళ చేత పక్క కొట్లో సరుకు తెప్పించుకున్నట్టు.

కాబట్టి ముందు మీ ఊరి నుంచి హైదరాబాద్‌కి ఎవరెవరు తీసుకెళ్తారో చూడండి. దోహా మీదుగా ఖతార్, దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, అబుదాబి మీదుగా ఎతిహాద్, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. కాలిఫోర్నియా, సియాటిల్ వైపు వాళ్ళకి సింగపూర్ మీదుగా వెళ్ళడమూ బాగానే ఉంటుంది. విజయవాడ, విశాఖ వాళ్ళకి ఢిల్లీ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఎయిర్ ఇండియాలో మారేది కూడా ఒకే టికెట్‌గా దొరుకుతుందేమో చూడండి. మధ్యలో విమానం ఆలస్యమైనా ఒకే టికెట్ అయితే తర్వాతి విమానం వాళ్ళ బాధ్యత, విడివిడిగా కొంటే మీ తలనొప్పి.

నా వరకు నేను ముందుగా చూసేవి రెండు. ఒకటి ఏరోప్లాన్. దానికి ఛేజ్, ఆమెక్స్, క్యాపిటల్ వన్ మూడూ ఒకటికి ఒకటి చొప్పున పోతాయి, పాయింట్లతో కొన్న టికెట్ మీద ఎయిర్‌లైన్ వేసే ఇంధన సర్‌ఛార్జీ ఉండదు. వేరే ఎయిర్‌లైన్ సీటైతే పన్నులు కాక 39 కెనడా డాలర్లు రుసుము తీసుకుంటారు, అంతే. పైగా ఒకవైపు టికెట్‌లో ఇంకో 5,000 పాయింట్లు ఇస్తే దారిలో ఒక ఊళ్ళో (అమెరికా, కెనడా కాకుండా) కొన్ని రోజులు ఆగొచ్చు. ఇస్తాంబుల్‌లో మూడు రోజులు తిరిగి ఇంటికెళ్ళొచ్చు, పిల్లలు ఊరుకుంటే.

రెండోది ఏవియోస్. ఇది ఒక ఎయిర్‌లైన్‌ది కాదు, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్ అందరూ వాడే మైల్స్. అకౌంట్లు ఒకదానికొకటి లింక్ చేసుకుంటే అటూ ఇటూ ఒకటికి ఒకటి తిప్పుకోవచ్చు, అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి పంపిన ఏవియోస్‌ని ఖతార్‌కి తీసుకెళ్ళి దోహా మీదుగా హైదరాబాద్ కొనొచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల్లోనే వెళ్తే మాత్రం పాయింట్లతో పాటు కట్టే డబ్బు చూసి తల తిరుగుతుంది, ముందే చూసుకోండి.

ఎమిరేట్స్ మీద మనవాళ్ళకి మోజు ఎక్కువ. అయితే ఆమెక్స్ 2025 సెప్టెంబర్ నుంచి 1,000 పాయింట్లకి 800 మైల్సే ఇస్తోంది, అంటే పంపేటప్పుడే అయిదో వంతు పోయినట్టు. ఈ నిష్పత్తులు ఎప్పటికీ ఒకేలా ఉండవు. పోయినేడాది మీ స్నేహితుడు చెప్పిన లెక్క నమ్ముకోకుండా పంపే రోజు బ్యాంకు పేజీలో ఎంత రాసుందో చూడండి.

మూడోది: పేర్లు. అవును, పేర్లు

ఇంగ్లీషులో రాసే గైడ్లలో దీనికి ఒక వాక్యం ఇస్తారు. తెలుగువాళ్ళకి ఒక పేజీ కావాలి.

బ్యాంకు అకౌంట్లో ఉన్న పేరు, ఎయిర్‌లైన్ అకౌంట్లో ఉన్న పేరు కలవాలి. మన పేర్లేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, వెంకట సత్య సూర్యనారాయణ అని మూడు ముక్కలు ఇంకో చోట ఉంటాయి. కార్డు మీద అంత పొడుగు పట్టక "వెంకట ఎస్" అని ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకి వీసాలో మొదటి పేరు స్థానంలో, మొదటి పేరు తెలియదని చెప్పే ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, ఆ ఎఫ్ఎన్‌యూ అక్కణ్ణుంచి లైసెన్సుకీ, బ్యాంకుకీ, కార్డుకీ పాకుతుంది. ఇన్ని రకాల పేర్లతో ఎక్కడికక్కడ అకౌంట్లు తెరిస్తే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది.

మా ఆవిడ అకౌంట్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక పడింది. పాయింట్లు బయల్దేరాయి, చేరలేదు. బ్యాంకు వాళ్ళు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు, ఎయిర్‌లైన్ వాళ్ళు బ్యాంకుని అడగమన్నారు, వారం రోజులు ఫోన్లతోనే గడిచింది. పేరు సరిచేయించాకే అవి చేరాయి.

కాబట్టి ఇలా చేయండి. ఎయిర్‌లైన్ అకౌంట్‌ని పాస్‌పోర్టులో ఉన్న పేరుతో తెరవండి. ఆ తర్వాత బ్యాంకు ప్రొఫైల్‌లో పేరు ఎలా ఉందో చూసి, తేడా ఉంటే బ్యాంకులోనే మార్పించండి, అది కష్టమైతే ఎయిర్‌లైన్‌కి రాసి సరిచేయించుకోండి. ఈమెయిల్, పుట్టినతేదీ కూడా అంతటా ఒకటే ఉంచండి, ఏవియోస్ అకౌంట్లు లింక్ చేసేటప్పుడు ఇవి కలవకపోతే మొరాయిస్తాయి. ఇదంతా ప్రయాణానికి నెలల ముందు, ఏ ఆదివారం మధ్యాహ్నమో తీరిగ్గా చేసుకునే పని. సీటు కనిపించిన రాత్రి కొత్త అకౌంట్ తెరిస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అమ్మానాన్నలకి టికెట్ కొనాలంటే వాళ్ళ పేరు మీద అకౌంట్ తెరిచి అందులోకి పంపాలేమో అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. మీ అకౌంట్లోకి పంపుకుని, అక్కణ్ణుంచి వాళ్ళ పేరుతో టికెట్ కొనండి, ఏరోప్లాన్‌లో ఎవరికైనా కొనొచ్చు. సింగపూర్ వాళ్ళ క్రిస్‌ఫ్లైయర్‌లో మాత్రం ముందుగా నామినీలుగా చేర్చాలి, అయిదుగురి దాకా. జపాన్ ఏఎన్ఏలో అయితే దగ్గరి కుటుంబసభ్యులకే.

నాలుగోది: సీటు వెతకడం

ఈ పనికే ఎక్కువ టైమ్ పడుతుంది, ఇక్కడే ఓపిక కావాలి. ఎయిర్‌లైన్లు ఈ పాయింట్ల సీట్లని సుమారు పదకొండు నెలల ముందు నుంచి కొన్ని కొన్నిగా వదులుతాయి, మళ్ళీ ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు మిగిలిపోయినవి వదులుతుంటాయి. డిసెంబర్ పదిహేను తర్వాత బయల్దేరి జనవరి మొదటి వారంలో తిరిగొచ్చే నలుగురి కుటుంబానికి ఒకే విమానంలో నాలుగు సీట్లు పాయింట్లతో దొరకడం అంటే, సంక్రాంతి ముందురోజు హైదరాబాద్ నుంచి కాకినాడ రైల్లో నాలుగు బెర్తులు దొరికినట్టే. దొరకొచ్చు, నమ్ముకోకండి. ఇద్దరు ఒక విమానంలో, ఇద్దరు మర్నాటి విమానంలో వెళ్ళడానికి సిద్ధమైతే పని తేలికవుతుంది.

సీట్స్ డాట్ ఏరో, పాయింట్ డాట్ మీ లాంటి సైట్లలో తేదీల వారీగా చూడొచ్చు. అక్కడ కనిపించినదాన్ని మాత్రం నమ్మేయకండి. ఎవరి మైల్స్ వాడబోతున్నారో ఆ ఎయిర్‌లైన్ సైట్లోకి లాగిన్ అయి అదే తేదీ, అదే విమానం వెతకండి, డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్ళండి. ఎందుకంటే కొన్నిసార్లు సీటు కనిపిస్తుంది కానీ కొనబోతే ఉండదు, అలాంటివాటిని దెయ్యం సీట్లు అంటాను నేను. స్టార్ అలయన్స్ సీటైతే యునైటెడ్ సైట్లో కూడా కనిపిస్తోందా చూడండి, రెండుచోట్లా ఉంటే చాలావరకు నిజమే. అప్పటికీ అనుమానంగా ఉంటే ఫోన్ చేసి విమానం నంబర్, తేదీ చెప్పి అడగండి.

ఇంకోటి, రానూపోనూ కలిపి వెతక్కండి. వెళ్ళేది ఒకటి, వచ్చేది ఒకటి విడిగా వెతకండి. నేను చెప్పిన ప్రోగ్రాముల్లో ఒకవైపు టికెట్లు విడిగా కొన్నా అదనంగా ఏమీ పోదు, వెళ్ళేటప్పుడు ఏరోప్లాన్, వచ్చేటప్పుడు ఏవియోస్ అయినా నష్టం లేదు.

అయిదోది: అసలు పంపడం లాభమేనా?

డబ్బుతో కొంటే ఎంతో చూడండి, అందులోంచి పాయింట్ల టికెట్‌కి కట్టాల్సిన పన్నులు తీసేయండి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. ఉదాహరణకి రానూపోనూ టికెట్ 1,500 డాలర్లు అనుకుందాం. అదే 1,10,000 పాయింట్లు, 200 డాలర్ల పన్నులు అనుకుందాం. 1,300ని 1,10,000తో భాగిస్తే పాయింటుకి సుమారు 1.2 సెంట్లు. ఛేజ్‌లో ఆ పాయింట్లని ఊరికే డబ్బుగా మార్చుకున్నా సెంటు వస్తుంది, డబ్బుతో కొన్న టికెట్ మీద మళ్ళీ మైల్స్ కూడా వస్తాయి. అలాంటప్పుడు ఇంత తంటా ఎందుకు, డబ్బు పెట్టి కొనేయండి.

అదే బిజినెస్ క్లాస్ 4,500 డాలర్లు, పాయింట్లలో 1,70,000తో పాటు 250 డాలర్లు అనుకుంటే పాయింటుకి రెండున్నర సెంట్లు వస్తుంది. బాగుంది. కానీ నిజం చెప్పుకుంటే మనలో ఎంతమందిమి 4,500 డాలర్లు పెట్టి ఆ సీటు కొంటాం? కొనం. కాబట్టి ఆ రెండున్నర సెంట్లు కాగితం మీద లెక్కే. అయినా డెబ్బై ఏళ్ళ అమ్మానాన్నలు మోకాళ్ళ నొప్పులతో పదిహేను గంటలు కూర్చోవాల్సిన చోట కాళ్ళు చాపుకుని పడుకుని వస్తారంటే, దాన్ని సెంట్లలో కొలవను నేను. నా పాయింట్లలో ఎక్కువభాగం అలాగే ఖర్చయ్యాయి.

ఆరోది: ఇప్పుడు పంపండి

అన్నీ కుదిరాక, సీటు చివరి పేజీలో ఒక ట్యాబ్‌లో తెరిచి ఉండగా, ఇంకో ట్యాబ్‌లో బ్యాంకు తెరవండి. రివార్డ్స్‌లో ట్రాన్స్‌ఫర్ పాయింట్స్ అన్నదాంట్లోకి వెళ్ళి, ఎయిర్‌లైన్ ఎంచుకుని, మీ మెంబర్‌షిప్ నంబర్ రెండుసార్లు సరిచూసుకుని ఎక్కించండి. ఆమెక్స్ అయితే లింక్ చేసేటప్పుడు కార్డు వివరాలు అడుగుతుంది. ఛేజ్, ఆమెక్స్‌లలో వెయ్యి చొప్పున పంపాలి, 61,400 కావాలంటే 62,000 పంపాల్సిందే.

మొదటిసారి అయితే నెలల ముందే ఒక్క 1,000 పంపి చూడమంటాను. అది సాఫీగా చేరితే పేర్లు కలిసినట్టే, లింకు సరిగ్గా ఉన్నట్టే. చేరకపోతే పోయేది వెయ్యే.

ఎంతసేపు పడుతుంది అంటే, ఏరోప్లాన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటివి సాధారణంగా నిమిషాల్లో చేరిపోతాయి. సింగపూర్‌కి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, ఆమెక్స్ నుంచి ఏఎన్ఏకి రెండు మూడు రోజులు. ఆలస్యంగా చేరేవాటితోనే ప్రమాదం, నా 1,40,000 కథ అలా జరిగిందే. అలాంటి చోట ఫోన్ చేసి సీటు రెండు రోజులు పట్టి ఉంచుతారా అని అడగండి, కుదరదంటే పాయింట్లు తక్షణం చేరే వేరే ప్రోగ్రాంలో అదే సీటు ఉందేమో చూడండి.

ఆమెక్స్ నుంచి డెల్టా, జెట్‌బ్లూ లాంటి అమెరికా ఎయిర్‌లైన్‌కి పంపితే చిన్న రుసుము పడుతుంది. పాయింటుకి 0.06 సెంట్లు, ఎంత పంపినా 99 డాలర్లు దాటదు. లక్ష పాయింట్లకి 60 డాలర్లన్నమాట. విమాన ప్రయాణం మీద ప్రభుత్వానికి కట్టే ఎక్సైజ్ పన్ను పేరుతో తీసుకుంటారు ఇది. విదేశీ ఎయిర్‌లైన్లకి పంపితే ఉండదు.

అప్పుడప్పుడు బ్యాంకులు బోనస్ ప్రకటిస్తాయి, ఫలానా ఎయిర్‌లైన్‌కి పంపితే 20 శాతమో 30 శాతమో ఎక్కువ అని. అది చూడగానే చెయ్యి లాగుతుంది. బోనస్‌తో పాటు సీటు కూడా కనిపిస్తుంటే నిస్సంకోచంగా పంపండి. బోనస్ ఉంది కదా, ఎప్పుడో పనికొస్తుందిలే అని మాత్రం పంపకండి. ఎయిర్‌లైన్లు రేపు పొద్దున్నే చెప్పాపెట్టకుండా రేట్లు పెంచేయగలవు, పైగా మైల్స్‌కి గడువులుంటాయి. క్రిస్‌ఫ్లైయర్‌లో మూడేళ్ళకి పోతాయి. ఏరోప్లాన్‌లో పద్దెనిమిది నెలలు అకౌంట్లో ఏ కదలికా లేకపోతే పోతాయి. బ్యాంకులో ఉన్నవాటికి కార్డు తెరిచి ఉన్నంతకాలం ఢోకా లేదు.

కొన్నాక

మైల్స్ చేరగానే ఆ ట్యాబ్‌ని రిఫ్రెష్ చేసి, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టి, పన్నులు కట్టేయండి. ఇంటిపేరు లేని పాస్‌పోర్టు అయితే రెండో గడిలో ఏం రాయాలో ఫోన్లోనే అడిగి కొనడం మేలు, తర్వాత పేరు మార్పించడం మహా చిరాకు.

కన్ఫర్మేషన్ ఈమెయిల్ వచ్చిందని నిద్రపోకండి. అందులో 13 అంకెల టికెట్ నంబర్ ఉందా చూడండి, ఏరోప్లాన్‌లో కొన్నదైతే 014తో మొదలవుతుంది. ఆ నంబర్ లేకపోతే అది ఇంకా రిజర్వేషనే, టికెట్ కాదు. ఒక రోజు దాటినా రాకపోతే ఫోన్ చేయండి. టికెట్ వచ్చాక, ఎక్కబోయే ఎయిర్‌లైన్‌కి వేరే బుకింగ్ కోడ్ ఉంటుంది, అది అడిగి తీసుకోండి. ఏరోప్లాన్ ఇచ్చిన కోడ్ లుఫ్తాన్సా సైట్లో పనిచేయకపోతే కంగారుపడక్కర్లేదు, లుఫ్తాన్సా కోడ్ వేరే ఉంటుంది. దాంతో వాళ్ళ సైట్లోకి వెళ్ళి సీట్లు ఎంచుకోండి, అమ్మానాన్నలకైతే వీల్‌చెయిర్ పెట్టండి, శాకాహారం అయితే ఏవీఎంఎల్ అని ఉండే ఏషియన్ వెజిటేరియన్ భోజనం పెట్టండి. వాళ్ళు మారే ఊళ్ళో ట్రాన్సిట్ వీసా అవసరమా లేదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి, రద్దు చేసుకోవాల్సి వస్తే ఇంకా టైమ్ ఉంటుంది.

రద్దు చేస్తే మైల్స్ ఎయిర్‌లైన్ అకౌంట్‌కే వస్తాయి, బ్యాంకుకి కాదు. అలాగే ఎయిర్‌లైన్‌లో ఇరుక్కుపోయిన నా 1,40,000 వాడటానికి నాకు ఏడాదిన్నర పట్టింది. చివరికి మా నాన్నగారు ఢిల్లీ మీదుగా వచ్చారు.